జెండా పండుగ: ముందు ఎగరేసే చేయి ఎవరిదో తేల్చుకోండి

శ్రావణం వచ్చిందంటే మా విజయవాడ సింగ్‌నగర్‌లో పండగలు వరసకడతాయి. వరలక్ష్మీ వ్రతం, రాఖీ, కృష్ణాష్టమి, ఆ వెనకే వినాయక చవితి, దసరా. అటూ ఇటూగా ఆ వరస మొదట్లోనే ఆగస్టు 15 కూడా ఉంటుంది. మిగతా వాటికి పది రోజుల ముందు నుంచే హడావిడి పడతాం. జెండా పండుగకి మాత్రం ముందురోజు రాత్రి తాడు వెతుక్కుంటాం. మునిసిపల్ స్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి ఈ పని నా చేతికి అలవాటు. అపార్ట్‌మెంట్లోనో వీధిలోనో చేసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు జెండా ఎవరు ఎగరేస్తారో తేల్చుకోండి. ప్రతిసారీ అసోసియేషన్ ప్రెసిడెంటుగారే ఎగరేయాలని ఎక్కడా లేదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా ఇళ్లలోకి వచ్చింది. చవితికి వారం కూడా లేదు. పడవల మీద ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు సహాయ దళం) వాళ్లు వచ్చారు. డ్రోన్లు భోజనం పొట్లాలు దించాయి. వాగు గట్టుకి పడ్డ గండ్లు పూడ్చడానికి ఆర్మీ ఇంజినీర్లు దిగారు. నీళ్లు తీశాక మిగిలిన బురదని ఎత్తిపోసింది మాత్రం పారిశుద్ధ్య కార్మికులు. మన ఊరివాళ్లతో పాటు వేరే ఊళ్ల నుంచి కూడా వచ్చి చేశారు. ఆ ఉపకారానికి దండం పెట్టుకోవడానికి జెండా పండుగ కంటే మంచి రోజు నాకు తోచలేదు. అందుకే మా దగ్గర, మా వీధి ఊడ్చే అమ్మాయి చేత జెండా ఎగరేయించాలని గట్టిగా పట్టుబట్టాను. మీ వీధిలో ఆ మనిషి ఒక జవాను తల్లి కావచ్చు, కరెంటు లైన్‌మన్ కావచ్చు, ఆయా కావచ్చు.

పిలిచే పద్ధతి కూడా ముఖ్యం. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. పేరంటానికి పిలిచినట్టే ఇద్దరు ముగ్గురు కలిసి ఇంటికి వెళ్లండి. వాళ్ల ఆనవాయితీ ఉంటే బొట్టు పెట్టి పిలవండి. చర్చికి వెళ్లే కుటుంబమైతే చేతికి పళ్లు ఇచ్చి, "అమ్మా, మా జెండా నువ్వే ఎగరేయాలి, పిల్లల్ని కూడా తీసుకురా" అని చెప్పండి. టైము వాళ్లనే అడగండి. తెల్లారకముందే హాజరు వేసుకుని డ్యూటీకి దిగేవాళ్లు ఏడింటికి ఖాళీగా ఉండరు, పని ముగిశాక పెట్టుకుంటే మనకి పోయేదేమీ లేదు. ముందు వరసలో కుర్చీ వాళ్లది. కార్యక్రమం అయ్యాక రాలిన పూలు, కప్పులు ఊడ్చేది మనం. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

ఇక జెండా. పొడవు మూడు పాళ్లుంటే వెడల్పు రెండు పాళ్లు ఉండాలి. అపార్ట్‌మెంట్ కర్రకి మూడడుగులు, రెండడుగుల జెండా చక్కగా సరిపోతుంది. కొనేటప్పుడు విప్పి చూడండి: చక్రం నీలం రంగులో, రెండు వైపులా, సరిగ్గా తెలుపు మధ్యలో ఉండాలి, ఆకులు 24 ఉండాలి. 2021 చివర్లో నిబంధన మార్చాక పాలిస్టర్ జెండాలు కూడా వాడొచ్చు. నా ఓటు మాత్రం ఖాదీకే.

కట్టడమే అసలు పని. ముందురోజు సాయంత్రం కప్పీకి రెండు చుక్కలు మిషన్ నూనె వేసి తాడు లాగి చూడండి, వానలకి తుప్పు పట్టి ఉంటుంది. కాషాయం వైపు కొస పైకి వచ్చేలా తాడుకి కట్టాక, ఇద్దరు పట్టుకుని జెండాని పొడవు అలాగే ఉండి వెడల్పు సగమయ్యేలా, మళ్లీ సగమయ్యేలా మడవండి. ఆ మడతలో పూరేకులు పరచండి. తడి రేకులు బట్టకి అతుక్కుంటాయి కాబట్టి నీడలో కాసేపు ఆరబెట్టినవైతే మంచిది. తర్వాత తాడుకి దూరంగా ఉన్న చివర నుంచి చీర కుచ్చిళ్లు పెట్టినట్టు వెనక్కీ ముందుకీ మడుస్తూ తాడు దాకా రండి. ఆ పొట్లం చుట్టూ కింది తాడుని రెండు చుట్లు తిప్పి, కొసని దూర్చకుండా తాడునే మడిచి ఆ చుట్ల కిందికి దోపండి. కొస బయట వేలాడాలి. ముడి వేశారంటే పైన బిగుసుకుపోతుంది, నిచ్చెన తేవాల్సి వస్తుంది. ఇదంతా ముందు ఒక తువ్వాలుతో సాధన చేయండి. జెండా ఎగరేసే మనిషి చేత కూడా రెండుసార్లు లాగించండి, పొద్దున ఆమెకి టెన్షన్ ఉండదు. పొట్లాన్ని కింది నుంచి చకచకా పైకి లాగాలి, పైకి చేరాక ఒక్క గుంజు గుంజితే విచ్చుకుంటుంది. నేలకి తగలకుండా ఒకరు పక్కనే ఉండండి.

జాతీయ గీతం స్పీకర్లో పెట్టకండి, అందరూ పాడండి. మొత్తం 52 సెకన్లే. మైకు ముందున్నవాళ్లు కాస్త తగ్గు శ్రుతిలో ఎత్తుకుంటే చివరి జయహేలు అందరికీ అందుతాయి.

ఉపన్యాసాలు వద్దు. పిల్లలకి ఒక్క సంగతి చెప్పండి చాలు: ఈ జెండాకి బీజం పడింది మన బెజవాడలోనే. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు 1921లో ఇక్కడ జరిగిన కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి తన నమూనా చూపించారు. తెలుపు గాంధీజీ సూచనతో చేరింది. ఇప్పుడున్న రూపాన్ని రాజ్యాంగ సభ 1947 జూలై 22న ఆమోదించింది. వీలైతే ఆ సెలవుల్లోనే ఒక రోజు పిల్లల్ని బందరు రోడ్డు మీదున్న బాపు మ్యూజియంకి తీసుకెళ్లండి.

తినడానికి చాక్లెట్ల బదులు శ్రావణమే కదా, ఇంటికొక గిన్నె పులిహోర, తాలింపు శనగలు పట్టుకొస్తే సరి.

2022 నుంచి రాత్రి కూడా జెండా ఉంచుకోవచ్చు. అయినా ఆగస్టు వానల్ని నమ్మలేం, పొద్దుగూకేలోపు దించేయండి. ఎక్కించేటప్పుడు చకచకా, దించేటప్పుడు నెమ్మదిగా. కాషాయాన్నీ ఆకుపచ్చనీ తెలుపు కిందికి మడిచి, చక్రం పైకి కనిపించేలా రెండు పక్కలా మడిచి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి. పిల్లల చేతుల్లోని కాగితం జెండాలన్నీ ఒక సంచిలో పోగుచేయాలి, రోడ్డు మీద ఒక్కటి కూడా పడకూడదు. చిరిగిన జెండాని చెత్తబండిలో వేయకుండా, ఏకాంతంగా, మర్యాదగా పూర్తిగా కాల్చేయాలి.

చవితి పందిరి వేసేవాళ్లు పది రోజుల తర్వాత వచ్చి, "పిన్నిగారూ, ఆ జెండా ఉంటే ఇవ్వండి, వెనక తెర కడతాం" అని అడుగుతారు. ఇవ్వకండి. జెండాని తెరగా, బల్ల మీద గుడ్డగా వాడకూడదని నిబంధన ఉంది. ఆ మాట మెల్లగా చెప్పి, వాళ్లకి మీ దగ్గరున్న పాత పట్టుచీర ఒకటి ఇవ్వండి.