లిప్ టై కట్ చేయించే ముందు చూస్కోవాల్సినవి

మా బుడ్డోడికి ఏడాదిన్నర, పై పెదవి లోపల చర్మం చిగురుకి అతుక్కుని ఉంది, దీన్నే లిప్ టై అంటారు, విజయవాడలో ఒకచోట చూపిస్తే కట్ చేయించేయమన్నారు, ఆ రాత్రంతా నాకు నిద్రే లేదు. మీరు డేట్ తీస్కునే ముందు ఇవి చూడండి.

- అన్నం బాగానే తింటున్నాడా? బ్రష్ చేస్తే ఏడుస్తున్నాడా? పెదవి మెల్లగా పైకెత్తి ఆ చర్మం మీద చూపుడు వేలు అడ్డం పెట్టి తోమండి, బ్రష్ దానికి తగలదు, మావాడు మూడో రోజుకి తనే నోరు తెరిచాడు.
- ముందు పళ్ల మధ్య సందు ఉందనే చేయిస్తుంటే తొందరొద్దు, పాలపళ్లకి అది మామూలే, 11, 12 ఏళ్లకి కొత్త కోరపళ్లు వచ్చేసరికి చాలామందికి దానంతటదే మూసుకుపోద్ది.
- పళ్లు పుచ్చుతుంటే ముందు రాత్రి పాలసీసా మాన్పించండి.
- పిల్లల డెంటిస్ట్ దగ్గర ఇంకో ఒపీనియన్ తప్పనిసరి.
- చేయించాల్సే వస్తే మత్తు ఎలాంటిది, ఎవరిస్తారు, ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంచాలి, అన్నీ అడిగి రాస్కోండి.