పది రోజుల డ్రైవింగ్ కోర్సు ఎవరికి సరిపోతుంది?

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) వచ్చిన 30 రోజుల దాకా లైసెన్సు టెస్టు పెట్టరు. ఎల్‌ఎల్‌ఆర్ గడువు 6 నెలలు. కాబట్టి ఈ పది రోజుల క్రాష్ కోర్సు చేస్తే లైసెన్సు ముందే రాదు. టెస్టుకు రెండు వారాల ముందు చేరండి, మరీ ముందే నేర్చుకుంటే ఆ రోజుకి చెయ్యి తప్పుతుంది.

ట్రాక్టరు నడిపిన అలవాటుంటే బాగా సరిపోతుంది. బొత్తిగా కొత్తవాళ్లకి రెండో గంటకే క్లచ్ కాలు లాగేసి బండి ఆగిపోతూ ఉంటుంది. వాళ్లకి రోజుకో గంట చొప్పున నెల కోర్సే మేలు.

డబ్బు కట్టేముందు తప్పకుండా అడగండి: కాలవగట్టు మీద నేర్పుతారా? అమలాపురం, భీమవరం చుట్టుపక్కల అసలు పరీక్ష అదే. ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే అద్దాలు చూసుకుంటూ, హాఫ్ క్లచ్‌లో (క్లచ్ సగం వదిలి) వెడల్పున్న చోటిదాకా వెనక్కి రావాలి. వంతెన ఎక్కుడులో ఆగితే, క్లచ్ మెల్లగా వదులుతూ, అది పట్టుకుని బండి ముక్కు కాస్త లేచాకే హ్యాండ్‌బ్రేకు దించాలి. ముందే దించితే వెనక్కి జారుతుంది. హైవే మీదే తిప్పే స్కూలైతే వద్దు.