హెడర్ బిగించే ముందు, మూడో పాఠం: పాత నట్లతో మూడు రోజులు

పోయిన రెండు పాఠాల్లో హెడర్ అంటే ఏందో, అదే, ఇంజన్ నుంచి పొగ బయటికి తీసుకుపోయే గొట్టాల కట్ట, చూసినాం, నాలుగు గొట్టాలు నేరుగా ఒకటిగా కలిసే రకానికీ, నాలుగు రెండై మళ్ళీ ఆ రెండు ఒకటయ్యే రకానికీ తేడా చూసినాం. మనం 4-2-1 రకమే ఎందుకు తీసుకున్నామో కూడా చెప్పినా, అనంతపురంలో క్లాక్ టవర్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా పోయేలోపు 6000 ఆర్‌పీఎం కొట్టే ఛాన్స్ ఎవనికీ రాదు, కాబట్టి మధ్య ఆర్‌పీఎంలో లాగుడు ఇచ్చేదే మనకు పనికొస్తాది. సరే, ఇప్పుడు హెడర్ ఇంటికొచ్చింది, అట్టపెట్టె చించేసినారు, లోపల తళతళా మెరుస్తాంది, చేతులు దురద పెడ్తాండాయి. ఆగండి. ఈ పాఠంలో హెడర్ బిగించేది లేదు, పాతది ఊడదీసేది కూడా లేదు. పాత నట్లను ఊడేదానికి ఒప్పించడం, ఈ పాఠం మొత్తం ఇంతే.

నా కారు 2001 మోడల్ హోండా సిటీ వీటెక్, 106 గుర్రాలది. దీన్ని స్పోర్ట్స్ కారు అంటే కొందరు నవ్వుతారు, నవ్వనీ, గుత్తి రోడ్డులో దాని పక్కన పోయినోళ్ళకు తెలుసు అదేందో. దీంట్లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే హెడర్ వేసేదానికి మనం తీసేసే కంపెనీ పొగగొట్టం, ఇంజన్‌కి ముందుపక్క, రేడియేటర్ వైపు ఉంటాది, బానెట్ ఎత్తితే ఎదురుగా కనపడ్తాది, కాబట్టి నేర్చుకునేదానికి సులువు. మీది టొయోటా 86 లాంటి బాక్సర్ ఇంజన్, అంటే సిలిండర్లు రెండు పక్కలకీ పండుకుని ఉండేది, అయితే హెడర్ ఇంజన్ కింద ఉంటాది, పని అంతా కారు కింద పండుకునే చేయాల. టర్బో కారు అయితే ఈ పాఠం మీకు కాదు, దాని కథ వేరే.

ముందు నా తప్పు చెప్తా. మొదటిసారి నేను చేసింది ఒక ఆదివారం పొద్దున. టీ తాగి, పానా తీసుకుని, నేరుగా నట్ల మీద పడినా. మొదటి మూడు వచ్చినాయి, అబ్బా ఇంత ఈజీనా అనుకున్నా. రెండో సిలిండర్ కింద ఉండే నట్టు రాలే, రాకపోతే పానాకి ఇనుప పైపు తగిలించి లాగినా. ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి, తుప్పు పట్టిన నట్టు వదిలేటప్పుడు టక్కుమని ఒక శబ్దం వస్తాది, ఎముక విరిగినట్టు, విన్న వెంటనే గుండె ఆగుతాది గానీ అది మంచి శబ్దం. స్టడ్డు, అంటే నట్టు ఎక్కే తల లేని బోల్టు, తెగబోయే ముందు మాత్రం ఏ శబ్దం రాదు, పానా మెత్తగా వస్తాది, బబుల్ గమ్ సాగినట్టు, ఆహా వస్తాంది అనుకుంటాం, తీరా చూస్తే నట్టూ సగం స్టడ్డూ చేతిలో ఉంటాయి. నాకు అదే అయింది. ఆదివారం కదా, లేత్ షాపులన్నీ మూసినారు, సోమవారం ఒకాయన్ని పిలిపిస్తే డ్రిల్ పెట్టి తీస్తానని స్టడ్డు వదిలి పక్కన హెడ్‌లోకి, అంటే మానిఫోల్డ్ అతుక్కునే ఇంజన్ పైభాగంలోకి, తోలినాడు. సిలిండర్ హెడ్ అల్యూమినియం, స్టడ్డు ఉక్కు, డ్రిల్ బిట్టు ఎప్పుడూ మెత్తగా ఉండే పక్కకే జారుకుంటాది, ఆయన్ని అని కూడా ఏం లాభం లేదు. ఆరు రోజులు కారు పోర్టికోలోనే పడి ఉన్నింది, మా నాయన రోజూ పొద్దున దాన్ని చూసి నన్ను చూసి పోతాండె, ఒక్క మాట అనలే, అంటే బాగుండు అనిపించేది.

అందుకే మూడు రోజులు.

మొదటి రోజు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పైన ఉండే హీట్ షీల్డ్ తీయండి, అది రేకు, దాని బోల్టులు 10 నంబర్ పానాకి వస్తాయి. అవి కూడా మొండికేస్తాయి, తెగినా పెద్ద నష్టం లేదు, ప్రాక్టీస్ అనుకోండి. రేకు తీసినాక ఫోన్‌లో అన్ని పక్కల నుంచి ఫోటోలు తీసుకోండి, ఏ వైరు ఏ క్లిప్పులో ఉందో, ఏ బ్రాకెట్ ఎక్కడ తగులుకుందో, తర్వాత మీ బుర్ర మీద నమ్మకం పెట్టుకోవద్దు. తర్వాత వైర్ బ్రష్ తీసుకొని నట్టు బయటకి పొడుచుకొచ్చిన స్టడ్డు మరలను బాగా రుద్దండి. ఇది చాలామంది చేయరు, నట్టు కదిలినాక అది ఈ తుప్పు మరల మీదుగానే బయటికి రావాల కదా, అక్కడ మట్టీ తుప్పూ ఉంటే సగంలో మళ్ళీ పట్టేస్తాది, అప్పుడు నట్టుతో పాటు స్టడ్డూ తిరిగి తెగుతాది. కళ్ళద్దాలు పెట్టుకోండి, తుప్పు పొడి కంట్లో పడితే ఇంగ ఆ రోజు పని అయిపోయినట్టే.

రుద్దినాక తుప్పు వదిలించే ఆయిల్ కొట్టండి. డబ్ల్యూడీ-40 మామూలు డబ్బా ఉంటే ఉండనీ, లేనిదానికన్నా మేలే, కానీ తుప్పు లోపలికి దిగే పెనెట్రేటింగ్ ఆయిల్ అని వేరేగా అమ్ముతారు, అది తెచ్చుకుంటే మంచిది. మన షెడ్లలో డీజిల్ పోసి నానబెట్టేది పాత అలవాటు, అది కూడా టైమిస్తే పని చేస్తాది. ఏది కొట్టినా చల్లటి ఇంజన్ మీదే, లేదా చెయ్యి పెట్టగలిగినంత గోరువెచ్చగా ఉన్నప్పుడే కొట్టండి, కాలిపోతాండే మానిఫోల్డ్ మీద కొడితే పొగ వస్తాది, అదృష్టం బాగలేకపోతే మంటే వస్తాది. మానిఫోల్డ్ నుంచి కిందికి దిగే డౌన్‌పైపు కలిసే చోట ఉండే బోల్టులకీ, పొగలో విషం తగ్గించే డబ్బా, అదే క్యాటలిటిక్ కన్వర్టర్, దాని వైపు ఉండే ఫ్లాంజ్ (గొట్టాలు కలిసే చోట ఉండే మందపాటి పట్టీ) బోల్టులకీ కూడా కొట్టండి, రోడ్డు నీళ్ళు తగిలేది వాటికే కాబట్టి అసలు మొండివి అవే.

రెండో రోజు హీట్ షీల్డ్ మళ్ళీ రెండు బోల్టులతో తగిలించి, కారు తీసుకుని రాప్తాడు దాకా పోయి రండి. ఇంజన్ వేడెక్కి చల్లారేటప్పుడు నట్టూ స్టడ్డూ వ్యాకోచించి కుంచించుకుంటాయి, ఆ సందులో ఆయిల్ లోపలికి దిగుతాది. రాత్రికి బాగా చల్లారినాక మళ్ళీ కొట్టండి. మూడో రోజూ ఇదే. మా తమ్ముడు వరసయ్యేవాడు ఒకడు అడిగినాడు, "ఏంనా, మూడు రోజులు నూనె పోస్తానే ఉంటావా, దేవుని దీపం మాదిరి?" అని. పోస్తా. రెండోసారి నాకు ఒక్క స్టడ్డు తెగలే.

మూడో రోజు సాయంత్రం ఒక చిన్న పరీక్ష చేయండి. 12 నంబర్ సాకెట్ పెట్టి ఒక నట్టును ముందు బిగించే వైపు కొంచెం, నిజంగా కొంచెమే, తిప్పి చూడండి, తర్వాత వదులు చేసే వైపు. టక్కుమంటే వచ్చినట్టే, మళ్ళీ బిగించి పెట్టేయండి, ఊడదీసేది వచ్చే పాఠంలో. అన్ని నట్లకీ ఇట్లా చేసి ఏది మొండిదో దాని మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకోండి, వాటికి ఆ రాత్రి ఇంకోసారి ఆయిల్. సాకెట్ మాత్రం లోపల ఆరు మూలలు ఉండేదే వాడండి, పన్నెండు మూలలది తుప్పు నట్టు మీద జారి దాని అంచులు అరగ్గొట్టేస్తాది, నట్టు గుండ్రంగా అయిపోయినాక ఇంగ గ్యాస్ మంట పెట్టుకోవాల్సిందే. ఒక్కోసారి నట్టుతో పాటు స్టడ్డు మొత్తం హెడ్‌లోంచి మర తిరిగి బయటికొస్తాది. దానికి భయపడద్దు, అది తెగినట్టు కాదు, కొత్త స్టడ్డు వేసుకుంటాం అంతే.

నట్ల గురించి ఇంకో మాట, ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నా. ఈ స్టడ్లు ఎం8 సైజు, అంటే 8 మిల్లీమీటర్ల మందం. జపాన్ కార్లలో ఎం8 నట్టుకి 12 నంబర్ పానా, మనకు హార్డ్‌వేర్ అంగట్లో దొరికే మామూలు ఎం8 నట్టుకి 13. నంబరు ఒక్కటే కదా తేడా అనుకుని నేను 13 వి తెచ్చినా, మర ఎక్కింది, కానీ హెడర్ గొట్టం నట్టు పక్కనే వంగుతాది, అక్కడ 13 సాకెట్ దూరే సందే లేదు. కాబట్టి ఇప్పుడే పాత నట్లు, స్టడ్లు లెక్కపెట్టుకోండి, అన్నీ కొత్తవి తెప్పించండి, కంపెనీవి ఆర్డర్ పెడితే మేలు, లేదంటే బెంగళూరు జేసీ రోడ్డులో దొరుకుతాయి, పోయేదానికి 210 కిలోమీటర్లు, ఎవరో ఒకరు రోజూ పోయి వస్తానే ఉంటారు, చెప్పి తెప్పించుకోండి. నట్లతో పాటు మానిఫోల్డ్ గాస్కెట్, అంటే సందులోంచి పొగ కారకుండా మధ్యలో పెట్టే పల్చటి రేకు, కొత్తది, కింద ఫ్లాంజ్‌కి గాస్కెట్ కొత్తది, మరలకి పూసే రాగి గ్రీజు చిన్న ట్యూబు, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ తీసేదానికి 22 నంబర్ సాకెట్, అది పక్కన గాటు ఉండేది, ఎందుకంటే వైరు దాంట్లోంచి బయటికి రావాల, ఇంకా ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ పానా, ఇది కొనొద్దు, తెలిసిన షెడ్డులో ఒక రోజుకి అడుక్కోండి. పాత గాస్కెట్ బాగానే ఉంది కదా అని మళ్ళీ వేస్తే మీ ఇష్టం, టిక్ టిక్ మని కుట్టుమిషన్ మాదిరి శబ్దం వస్తే నన్ను అడగద్దు.

ఇప్పుడు కొత్త హెడర్ దగ్గరికి వద్దాం. మెరుపు చూసి మోసపోవద్దు. ఫ్లాంజ్, అంటే హెడ్‌కి అతుక్కునే మందపాటి పట్టీ, దాన్ని అద్దం బల్ల మీద బోర్లా పెట్టండి, లేదా దాని మీద వంకర లేని ఉక్కు స్కేలు అంచు మీద నిలబెట్టి వెనకనుంచి టార్చ్ వేయండి, వెలుగు ఎక్కడ దూరుతాందో అక్కడ వంకర ఉన్నట్టు. వెల్డింగ్ చేసేటప్పుడు వేడికి ఇది వంగేది మామూలే, వెంట్రుక మందమైతే గాస్కెట్ చూసుకుంటాది, సందు కొలిచే ఫీలర్ గేజ్‌లో 0.2 మిల్లీమీటర్ల ఆకు సులువుగా దూరిపోతే లేత్ షాపులో ఇచ్చి ముఖం చదును చేయించండి. తర్వాత కొత్త గాస్కెట్‌ని ఫ్లాంజ్ మీద పెట్టి రంధ్రాలు సరిపోతాయా చూడండి. హెడర్ రంధ్రం గాస్కెట్ కన్నా పెద్దదైతే పర్వాలేదు, చిన్నదై అంచు లోపలికి పొడుచుకుంటే గాలికి అడ్డం, మనం హెడర్ వేసిన పుణ్యమంతా అక్కడే పోతాది. వేలు లోపల పెట్టి తడమండి, వెల్డింగ్ ముత్యాలు, చిటికెన వేలి గోరంత ముద్దలు తగుల్తాయి, వదులుగా ఉండేవి ఊడి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పడతాయి, కాబట్టి ఇప్పుడే గీకేసి గాలి కొట్టించండి.

ఆక్సిజన్ సెన్సర్ పెట్టే రంధ్రం పాతది ఎక్కడుందో, కొత్తదాంట్లో ఎక్కడుందో టేపుతో కొలుచుకోండి. చాలా హెడర్లలో అది కిందికి జరిగి ఉంటాది, వైరు చాలదు. అప్పుడు వైరు పొడుగు చేయాల, కానీ సోల్డరింగ్ చేయద్దు, జిర్కోనియా సెన్సర్ బయటి గాలిని ఆ వైరు తీగల సందుల్లోంచే పీల్చుకుంటాది, సీసం కారి ఆ దారి మూసుకుంటే తప్పు రీడింగ్ ఇస్తాది, నొక్కి బిగించే క్రింప్ కనెక్టర్ వాడండి. దాని మరలకి గ్రీజు కొంచెం పూయచ్చు, ముక్కుకి మాత్రం ఏదీ తగలనియ్యద్దు.

ఇంగ గ్యాప్ చూసే పని. పెళ్ళిపత్రికల అట్ట ఒకటి తీసుకోండి, హెడర్ గొట్టాల వంపు గీసి కత్తిరించి, ఫ్లాంజ్ దగ్గర పెట్టి రేడియేటర్ ఫ్యాన్‌కీ, ఏసీ గొట్టాలకీ ఎంత దూరం ఉంటాదో చూడండి. కనీసం వేలు మందం ఉండాల. ఇదేదో చాదస్తం అనుకోవద్దు, 304 స్టెయిన్‌లెస్ గొట్టం ఒక మీటరు పొడుగుంటే 600 డిగ్రీలు వేడెక్కేసరికి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతాది, పైగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజన్ ఊగుతాది. చల్లగా ఉన్నప్పుడు తగలనిది వేడిలో తగుల్తాది. ఫ్యాన్ అడ్డం వస్తాదనిపిస్తే దాన్ని ఎట్లా తీయాలో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

పోలీసు సంగతి, ఆర్టీఓ సంగతి. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయమని, సైలెన్సర్ ఖాళీ చేయించమని సలహా ఇచ్చేటోళ్ళు ప్రతి షెడ్డులో ఒకరుంటారు, వినద్దు. బండిని కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తాది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం గట్టిగానే చెప్పింది, పొగ, శబ్దం ఎక్కువైతే సెక్షన్ 190 ఉంది. కాబట్టి హెడర్ తర్వాత ఉండేదంతా కంపెనీదే ఉంచుకుంటాం, పాత మానిఫోల్డ్‌ని కూడా పాత సామాన్లోనికి వేయకుండా గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టుకుంటాం, రేపు అవసరమైతే అదే మళ్ళీ వేసుకోవచ్చు. పొల్యూషన్ సర్టిఫికెట్ డేటు ఎప్పుడుందో కూడా చూసుకోండి.

కారు ఎత్తేది ఇంట్లోనే కదా. మన సీమ ఇండ్లలో పోర్టికోలో కడప బండలు పరిచి ఉంటాయి, చూసేదానికి ఉక్కు మాదిరి ఉంటాది, కింద మట్టి గుల్లైతే జాక్ స్టాండు కాలు దిగినచోట పటుక్కుమని పగుల్తాది. స్టాండ్ల కింద రెండంగుళాల చెక్క పలక వేయండి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టండి, జాకీ మీద మాత్రమే నిలబెట్టి కింద దూరద్దు, ఒక్క నిమిషమే అన్నా దూరద్దు. మే నెలలో అయితే పొద్దున ఆరుకి మొదలుపెట్టండి, పది దాటితే పానా చేత్తో పట్టుకోలేరు.

వచ్చే పాఠానికి ముందు మీరు చేయాల్సింది: చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి మొదటి రెండు నిమిషాల శబ్దం ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి, మూడో గేర్‌లో 40 నుంచి 80 కి ఎన్ని సెకన్లు పడ్తాందో హైవే మీద ఖాళీ చూసి పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని కొలిపించండి, రాసుకోండి, హెడర్ వేసినాక పోల్చేదానికి ఇవి తప్ప వేరే ఆధారం ఉండదు. నట్ల లెక్క, మొండివాటి గుర్తులు, ఫోటోలు, అన్నీ ఒకచోట ఉండాల. ఇంగ పనికి ముహూర్తం మీరే చూసుకోండి గానీ ఆదివారం మాత్రం వద్దు, లేత్ షాపు తెరిచుండే రోజు పెట్టుకోండి.