కంట్రోల్ కణాల్లోనే డీఎన్‌ఏ తెగినట్లు కనిపిస్తుంటే: సమస్య - పరిష్కారం

మందు వేయని, రేడియేషన్ తగలని కంట్రోల్ కణాల్లోనే గామా-హెచ్2ఏఎక్స్ (డీఎన్‌ఏ తెగిన చోట గుర్తుగా నిలిచే ప్రోటీన్) చుక్కలు కుప్పలుగా కనిపిస్తున్నాయనో, కామెట్ పరీక్షలో (తెగిన డీఎన్‌ఏను విద్యుత్తుతో లాగి తోకలా చూపే పరీక్ష) వాటికీ తోకలు వస్తున్నాయనో చెప్పేవారిలో చాలామంది, ఆ మాట చెప్పేసరికే ఆ ప్రోటీన్‌ను గుర్తించే కొత్త యాంటీబాడీకి ఆర్డరు పెట్టేసి ఉంటారు. అంతకు ముందు చేయవలసిన పనికి ఒక్క నిమిషం చాలు: అదే ఫీల్డును, డీఎన్‌ఏకు అంటుకుని కేంద్రకాన్ని చూపే డాపీ రంగులో చూడాలి. కేంద్రకం ముక్కలై, చుక్కలు విడివిడిగా కాక కేంద్రకమంతా ఒకే వెలుగుతో నిండి ఉంటే అది చనిపోతున్న కణం. అది తన డీఎన్‌ఏను తానే కోసుకుంటున్నది కనుక దానిని లెక్కలోకి తీసుకోకూడదు. కేంద్రకం చెక్కుచెదరకుండా ఉండి నాలుగైదు చుక్కలు మాత్రమే ఉంటే, ఆ కణం డీఎన్‌ఏకు నకలు తీసుకునే ఎస్ దశలో ఉండి ఉండవచ్చు. కొత్తగా నకలైన డీఎన్‌ఏను చూపే ఈడీయూ రంగు వేస్తే ఆ సంగతి తేలిపోతుంది. అసలు సున్నా రావాలని ఆశించడమే పొరపాటు. ఏ దెబ్బా తగలకపోయినా, కేవలం నీటి చర్య వల్లనే ఒక్కొక్క మానవ కణం రోజుకు సుమారు 10,000 ప్యూరిన్ క్షారాలను (డీఎన్‌ఏ అక్షరాల్లో ఎ, జి) పోగొట్టుకుంటూ, వాటిని సరిచేసుకుంటూ బతుకుతుంది.

కణాలను డిష్ నుంచి ఊడదీసే ట్రిప్సిన్‌లో ఎక్కువసేపు ఉంచడం, కణాలను గట్టిగా గీకి తీయడం, తీసిన తరువాత మంచు మీద పెట్టకపోవడం అందరికీ తెలిసిన తప్పులే కనుక వాటి దగ్గర ఆగను.

కంట్రోల్ ఒక వారం శుభ్రంగా, మరొక వారం తోకలతో వస్తుంటే

కేంద్రకాలు బాగుండి, కణాలు చక్కగా పెరుగుతూ, అయినా ఫలితం ఇలా ఊగుతుంటే నా అనుమానం ముందుగా మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) సీసా మీదికే పోతుంది. ఈ ఒక్క కారణం వల్ల నేను మూడు నెలలు పోగొట్టుకున్నాను. పాసేజీ సంఖ్య (కణాలను ఎన్నిసార్లు కొత్త డిష్‌కు మార్చామన్నది), ట్రిప్సిన్, ఎలక్ట్రోఫోరెసిస్ బఫరు, చివరికి వోల్టేజితో సహా అన్నీ మార్చి చూశాను గాని, గడువు దాటని, మబ్బు పట్టని, రంగు మారని సీసాను తప్పు పట్టాలని తోచలేదు. మేము మీడియం పెట్టుకునే ఫ్రిజ్‌కు గాజు తలుపు, లోపల రాత్రింబవళ్లు వెలిగే ట్యూబులైటు ఉండేవి. ముందు వరుసలోని సీసాతో చేసిన ప్రయోగాలు చెడిపోయేవి, వెనుక వరుసలోని సీసాతో చేసినవి బాగుండేవి.

జరిగేది ఇది. మీడియంలోని రైబోఫ్లావిన్ (బి2 విటమిన్) నీలి కాంతిని పీల్చుకుని, ఆ శక్తితో ట్రిప్టోఫాన్ వంటి అమైనో ఆమ్లాలను ఆక్సీకరణం చెందిస్తుంది. ఆ క్రమంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచే హెపీస్ బఫరు ఉంటే మరింత పుడుతుంది. ఆ పెరాక్సైడ్ కణ త్వచాన్ని సులభంగా దాటి, లోపల ఇనుము తగిలిన చోట హైడ్రాక్సిల్ రాడికల్‌గా మారి, డీఎన్‌ఏ పోగు వెన్నెముకలోని చక్కెరను తెంపుతుంది, గ్వానిన్‌ను 8-ఆక్సోగ్వానిన్‌గా మారుస్తుంది. కణం చేతులు ముడుచుకుని కూర్చోదు: తెగిన చోటును పార్ప్1 అనే ప్రోటీన్ వెంటనే పసిగడుతుంది, ఎక్స్‌ఆర్‌సీసీ1, లైగేజ్ 3 కలిసి అతుకుతాయి, చెడిన గ్వానిన్‌ను ఓజీజీ1 అనే ఎంజైమ్ తొలగిస్తుంది. అయితే ఒక పోగు తెగి ఉన్న చోటికి, అది అతుక్కునేలోగానే నకలు తీసే యంత్రాంగం వచ్చి పడితే అక్కడ రెండు పోగులూ తెగిపోతాయి. అప్పుడు ఏటీఎం కైనేజ్ అనే ఎంజైమ్ మేల్కొని హెచ్2ఏఎక్స్‌లోని 139వ స్థానంలోని సెరీన్‌కు ఫాస్ఫేటును తగిలిస్తుంది, పీ53 అనే ప్రోటీన్‌ను లేపి కణ విభజనను ఆపిస్తుంది.

అందుకే ఈ లోపానికి ఒక ముద్ర ఉంటుంది. ఒక పోగు తెగిన చోట్లను చూపే ఆల్కలైన్ కామెట్‌లో తోకలు పెద్దవిగా ఉంటాయి, రెండు పోగులూ తెగిన చోట్లను చూపే న్యూట్రల్ కామెట్‌లో దాదాపు ఉండవు, చుక్కలు ఎక్కువగా ఎస్ దశ కణాల్లోనే కనిపిస్తాయి. నిర్ధారణకు ఒకే ఫ్లాస్కు కణాలను మూడు డిష్‌లలో వేయండి: మొదటిదానికి రేకు చుట్టి దాచిన మీడియం, రెండవదానికి ఒక రోజంతా బల్ల మీద వెలుతురులో ఉంచిన మీడియం, మూడవదానికి అదే వెలుతురు మీడియంలో కొన్ని నిమిషాల ముందు, పెరాక్సైడ్‌ను విడగొట్టే కెటలేజ్ ఎంజైమ్ కలిపినది. రెండవది చెడి, మూడవది మొదటిదానిలాగే ఉంటే దోషి పెరాక్సైడే.

పరిష్కారం చవకైనది. సీసా వచ్చిన రోజే రేకు చుట్టాలి, కణాలతో పనిచేసే హుడ్‌లో పని లేనప్పుడు లైటు ఆర్పాలి, అవసరం లేని చోట హెపీస్ లేని మీడియం వాడాలి. 1 మిల్లీమోలార్ సోడియం పైరువేట్ కలిపితే అది పెరాక్సైడ్‌ను తినేస్తుంది. మీరు వేసే మందే పెరాక్సైడ్ అయితే దానినీ తినేస్తుంది కనుక ఆ ప్రయోగంలో మాత్రం కలపకండి. కామెట్ స్లయిడ్లను కూడా మసక వెలుతురులోనే కదిలించాలి.

మందు వేసినా ఏమీ కనిపించకపోతే

254 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత కాంతి) ఇస్తున్నట్లయితే డిష్ మూత తీశారా, మీడియం తీసివేసి పలుచని పొరగా పీబీఎస్ (ఉప్పు బఫరు) మాత్రమే ఉంచారా అని చూసుకోండి; ప్లాస్టిక్ మూత ఆ కాంతిని దాటనివ్వదు. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందును డీఎంఎస్‌ఓలో కరిగించి ఉంటే పారబోయండి, ఎందుకంటే ఆ ద్రావణి ప్లాటినంకే అతుక్కుని మందును నిర్వీర్యం చేస్తుంది. సరిగా కరిగించినా సిస్‌ప్లాటిన్ డీఎన్‌ఏను తెంపేది కాదు, ముడివేసేది. కామెట్‌లో తోక పెరగకపోవడం దాని స్వభావమే.

మైకోప్లాస్మా (కణాలకు సోకే బ్యాక్టీరియా), చెడిన యాంటీబాడీ, మరమ్మతు జన్యువు లోపించిన కణ శ్రేణి కూడా కారణాలు కావచ్చు. ఇవన్నీ చూసిన తరువాత కూడా సమస్య మిగిలితే వాటిని పరీక్షించుకోండి.