మారా నది ఒడ్డున మందలు చూడాలంటే: చెన్నై నుంచి వెళ్లేవాళ్లకు

చెన్నైలో పిల్లలకి పెద్ద సెలవులు ఏప్రిల్, మే నెలల్లో. సఫారీకి సరిగ్గా ఆ రెండు నెలలే పనికిరావు. మారా నది పారే తూర్పు ఆఫ్రికా దేశాలు కెన్యా, టాంజానియాల్లో అప్పుడు పెద్ద వానలు. మట్టిదారుల్లో జీపులు దిగబడిపోతాయి. ఎదిగిన గడ్డిలో పడుకున్న సింహం పక్కనే ఉన్నా కనబడదు. సెప్టెంబరు చివర్లో వచ్చే క్వార్టర్లీ సెలవులు పట్టుకోండి.

ఎక్కడ దిగాలన్నది నెలని బట్టి ఉంటుంది. లక్షల కొద్దీ వైల్డ్‌బీస్ట్‌లు (ఎద్దులా కనబడే పెద్ద జింకలు), వాటితో జీబ్రాలు ఏడాది పొడవునా వాన వెంబడే తిరుగుతాయి. ఫిబ్రవరిలో టాంజానియాలోని సెరెంగెటి గడ్డిమైదానాల దక్షిణ భాగంలో, న్డుటు అనే చోటి చుట్టుపక్కల ఈనుతాయి. అక్కడిది అగ్నిపర్వతాల బూడిద పడ్డ నేల. పొట్టి గడ్డిలో పాలిచ్చే తల్లులకి కావలసిన కాల్షియం, భాస్వరం దండిగా దొరుకుతాయి. జూన్‌లో గ్రుమెటి నది వైపు, జూలై నుంచి అక్టోబరు దాకా ఉత్తరాన మారా నది దగ్గర. నది దాటడం కెన్యాలోనే చూడాలని లేదు. టాంజానియాలో కొగాటెండె దగ్గర పారేదీ ఆ నదే. ఫలానా తేదీన దాటుతాయని చెప్పి అమ్మే ప్యాకేజీ మాత్రం కొనకండి, అది ఎవరి చేతిలోనూ లేదు. నదికి దగ్గర్లో ఒకే క్యాంపులో కనీసం మూడు రాత్రులు ఉండండి.

కెన్యా వెళ్లొచ్చేవాళ్లకి ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, ముందుగా కనుక్కుని వెళ్లండి. వేయించుకున్న 10 రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు. అది లేకుండా తిరిగొస్తే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. గుడ్డు పడనివాళ్లు డాక్టరుకి ముందే చెప్పాలి. మలేరియా మాత్రల సంగతీ అప్పుడే అడగండి.

నైరోబీ నుంచి చిన్న విమానంలో కెన్యా వైపు మారా అడవికి (మసాయి మారా) వెళ్తే సామాను చేతిసంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో. మురుకులు, పులిహోర పొడి స్టీలు డబ్బాల్లో సర్దుకోండి. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. నీలం, నలుపు బట్టలకి సెట్సీ అనే కుట్టే ఈగలు మూగుతాయి, ఖాకీ రంగువి మేలు. తెల్లవారుజామున చలేస్తుంది, స్వెటర్ ఉండాలి. ఫోటోలకి 100-400 మి.మీ. జూమ్ లెన్సు సరిపోతుంది. ట్రైపాడ్ జీపులో ఇమడదు. జిప్పున్న ఖాళీ గుడ్డసంచి పట్టుకెళ్లి, నైరోబీలో రెండు కిలోల బియ్యం కొని అందులో పోసి, లెన్సుని దాని మీద ఆనించండి. ఇంజిన్ ఆపించాకే తీయండి, లేకపోతే ఆ అదురుకి బొమ్మ అలుక్కుపోతుంది.

ఒడ్డున అసలు పని ఓపిగ్గా కూర్చోవడం. పొద్దున్నే మధ్యాహ్న భోజనం కట్టించుకుని బయల్దేరండి. ముందు దూరాన దుమ్ము లేస్తుంది. తర్వాత కప్పల బెకబెకలా ఎడతెగని గొణుగుడు. ముందున్నవి గట్టు దిగి, నీళ్లు మూచూసి, ఏమీ లేకుండానే బెదిరి పైకి పరుగెడతాయి. వెనకవాటి తోపుడు పెరిగే కొద్దీ మళ్లీ దిగుతాయి. చాలాసార్లు తెగించి ముందు అడుగేసేది జీబ్రా. ఇదంతా గంటలో ముగియొచ్చు, సాయంత్రం దాకా సాగొచ్చు. ఈలోగా ఒక్క జీపు మందకీ నీటికీ మధ్యకి వెళ్లిందా, మంద మొత్తం వెనక్కి మళ్లుతుంది. పొద్దుట్నుంచీ దాహంతో, భయంతో నిలబడ్డ జంతువులకి మనం చేసే అన్యాయం అది. మొదటివి నీళ్లలో దిగేదాకా దూరంగా ఆగమని డ్రైవరుకి బయల్దేరేముందే చెప్పండి. దగ్గరికి పోనిమ్మని టిప్పు ఆశ చూపకండి.

మిగతా వేళల్లో సింహం కోసం గడ్డంతా గాలించక్కర్లేదు. టోపి అనే ముదురు గోధుమరంగు జింక చెదపుట్టలెక్కి కాపలా కాస్తుంది. అది చెవులు నిక్కించి కదలకుండా ఒకే దిక్కు చూస్తుంటే, బైనాక్యులర్ అటే తిప్పండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8×42 రకం చాలు.