పడవ వేగం కొలవడం - 3వ పాఠం: పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి

కిందటి పాఠంలో పడవ ముక్కు దగ్గర నీళ్లలో చెక్కముక్క వేసి, అది పడవ వెనుక అంచు దాటేదాకా సెకన్లు లెక్కపెట్టాం. అలా తెలిసేది నీళ్లలో పడవ వేగం. ఫోన్‌లో జీపీఎస్ చూపేది గట్టును బట్టి వేగం. జూరాల డ్యామ్ నుంచి నీళ్లు దిగే రోజుల్లో కృష్ణా నదిలో సోమశిల దగ్గర ఇంజిన్ ఆపి కూర్చున్నా ఆ అంకె సున్నాకు రాదు. ప్రవాహమే పడవను తీసుకుపోతుంటుంది. అందుకే ఒకవైపు నడిపి చూసిన జీపీఎస్ అంకెను ఇంజిన్ సత్తా అనుకోవద్దు. ఒకే దూరాన్ని దిగువకు ఒకసారి, ఎగువకు ఒకసారి నడిపి సగటు తీయాలి.

ముందు గట్టు మీద గుర్తులు చూసుకోండి. నీళ్ల అంచున ఒక చెట్టు, దాని వెనకాల దూరంగా ఒక కరెంటు స్తంభం. పడవ కదులుతుంటే స్తంభం మెల్లగా జరుగుతూ వచ్చి చెట్టు చాటుకు పోతుంది. సరిగ్గా ఆ క్షణంలో స్టాప్‌వాచ్ నొక్కాలి. ఒక్క చెట్టునే చూసి నొక్కితే ఎదురుగా వచ్చామో లేదో కచ్చితంగా తెలియదు, రెండు మూడు సెకన్లు ఇట్టే తేడా వస్తుంది. ఇలాంటి జతే ఇంకొకటి 500 మీటర్ల అవతల కావాలి. రెండు జతల గీతలూ సమాంతరంగా ఉండాలి, పడవ వాటికి లంబంగా, తిన్నగా పోవాలి. మొదటి గుర్తుకు చాలా ముందే వేగం నిలకడగా ఉండాలి. ఆ తర్వాత యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. వాచీ పని ఇంకొకరికి అప్పగించండి, నడిపేవాళ్ల కళ్లు నీళ్లమీదే ఉండాలి. లైఫ్ జాకెట్ లేకుండా ఈ పాఠం మొదలుపెట్టనే వద్దు.

దిగువకు 167 సెకన్లు పట్టిందనుకుందాం: సెకనుకు 3 మీటర్లు. ఎగువకు 250 సెకన్లు: 2 మీటర్లు. సగటు 2.5, దాన్ని 3.6తో గుణిస్తే గంటకు 9 కిలోమీటర్లు. చాలామంది ఇక్కడే తప్పుతారు. మొత్తం 1000 మీటర్లను 417 సెకన్లతో భాగిస్తే సెకనుకు 2.4 మీటర్లు, అంటే గంటకు 8.6 కిలోమీటర్లే వస్తుంది. ఎదురెక్కేటప్పుడు ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి ఆ నిదానానికే బరువు ఎక్కువ పడుతుంది. సగటు తీయాల్సింది వేగాలకు, కాలాలకు కాదు. రెండు వేగాల తేడాలో సగం, అంటే సెకనుకు 0.5 మీటర్లు, ప్రవాహం వేగం.

నాగార్జునసాగర్ వెనక జలాల్లో ప్రవాహం తక్కువే గానీ గాలి ఉంటుంది. అక్కడా రెండువైపులా నడపాల్సిందే.

కొలుస్తుండగానే ప్రవాహం పెరుగుతోందనిపిస్తే మూడోసారి కూడా నడపండి, మధ్య విరామాలు సమానంగా ఉండేలా. మొదటి, మూడో వేగాలను ఒక్కోసారి, మధ్యదాన్ని రెండుసార్లు కూడి 4తో భాగించండి.