మిర్చి సీజన్‌కు ముందు: ధరల పట్టికను వరుస పెట్టేవారికి జాగ్రత్తలు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి పోటెత్తుతుంది కనుక, లాట్ల ధరలను పైథాన్ భాషలోని లెక్కల లైబ్రరీ అయిన నంపైతో విశ్లేషించేవారు తమ ప్రోగ్రామును జనవరిలోనే సరిచూసుకోవాలి. రైతు పేరు, రకం, బస్తాలు, క్వింటాలు ధర వేర్వేరు అరేలలో (విలువల వరుసలలో) ఉన్నప్పుడు ధరలను మాత్రమే సార్ట్ చేస్తే, ఒకరి ధర మరొకరి పేరు పక్కకు చేరుతుంది. ప్రోగ్రాము మాత్రం ఏ దోషమూ చూపకుండా సాఫీగా ముగుస్తుంది. విలువలను కదపకుండా, అవి ఏ క్రమంలో రావాలో తెలిపే ఇండెక్సులను (స్థాన సంఖ్యలను) ఆర్గ్‌సార్ట్‌తో ఒక్కసారి తీసుకుని, వాటినే అన్ని అరేలకూ వర్తింపజేయాలి. ధర అంకెగా కాక అక్షరాలుగా నమోదై ఉంటే 14000 కంటే 9500 పెద్దదవుతుంది కాబట్టి, అంతకుముందే దాన్ని సంఖ్యగా మార్చుకోవాలి.

అసలు చిక్కు సమాన ధరల దగ్గర వస్తుంది. ఒకే రోజు తేజ రకం లాట్లు అనేకం ఒకే ధరకు పోవచ్చు. డిఫాల్ట్‌గా ఉండే 'క్విక్‌సార్ట్' పద్ధతి వాటి మధ్య పాత క్రమాన్ని నిలుపుతుందన్న హామీ లేదు. ముందు వచ్చిన లాటు ముందే ఉండాలంటే, ఆర్గ్‌సార్ట్‌కు సార్టింగ్ పద్ధతిని తెలిపే 'కైండ్' దగ్గర 'స్టేబుల్' అని రాయాలి. పది లాట్లతో పరీక్షించి క్రమం నిలిచిందని నమ్మకూడదు. చిన్న అరేలలో అది నిలిచినట్లే కనిపించి, వేల లాట్లు వచ్చిన రోజున తప్పవచ్చు.

ఎక్కువ ధర పైన రావాలని ఇండెక్సులను తిరగేసే అలవాటు చాలామందికి ఉంది. అలా చేస్తే సమాన ధరల క్రమం తలకిందులవడమే కాక, అమ్ముడుపోక ధర ఖాళీగా మిగిలిన లాట్లు, అంటే 'నాన్' విలువలు, చివరి నుంచి అగ్రస్థానానికి చేరతాయి. ధరలకు మైనస్ గుర్తు పెట్టి స్టేబుల్‌గా సార్ట్ చేస్తే ఈ రెండు ఇబ్బందులూ తప్పుతాయి. అయితే బస్తాల లెక్కను అన్‌సైన్డ్ (మైనస్ విలువలు ఉండని) పూర్ణాంకాలుగా దాచినవారు ఈ ఉపాయం వాడరాదు. అక్కడ మైనస్ పెట్టినా సున్నా సున్నాగానే ఉండి, మిగతావన్నీ పెద్ద సంఖ్యలుగా మారతాయి కనుక, సున్నా బస్తాల లాటే మొదట నిలుస్తుంది.

రకాన్ని బట్టి, రకంలో ధరను బట్టి వరుస కావాలంటే లెక్స్‌సార్ట్ ఉంది. దానికి చివర ఇచ్చిన అరేయే ప్రధానమైనది కాబట్టి ధరను ముందు, రకాన్ని తర్వాత ఇవ్వాలి. ఆర్గ్‌సార్ట్ ఇచ్చేది లాటు ర్యాంకు కాదు. ర్యాంకు కావాలంటే ఆ ఫలితంపై మరోసారి ఆర్గ్‌సార్ట్ చేసి, సున్నాతో మొదలయ్యే ఆ సంఖ్యకు ఒకటి కలపాలి.